స్పానిష్ వారి 'ఎస్పెరార్' చిక్కు: వెయిట్, హోప్, ఎక్స్‌పెక్ట్

స్పానిష్ మాతృభాషగా గలవారికి ఇంగ్లీషు నేర్పేవారికీ, ఉద్యోగరీత్యా వారితో ఉత్తరాలు నడిపేవారికీ ఈ తప్పులు పరిచయమే. ఎదురుచూడటం, కోరుకోవడం, జరుగుతుందని నమ్మడం, ఈ మూడింటికీ స్పానిష్‌లో 'ఎస్పెరార్' ఒక్కటే చాలు. ఇంగ్లీషులో మూడు క్రియలు కావాలి.

సమస్య: "ఐ యామ్ వెయిటింగ్ మై సిస్టర్."

కారణం: స్పానిష్‌లో "ఎస్పెరో అ మి ఎర్మానా" అంటారు. ఆ 'అ' అక్క మనిషి కాబట్టి వచ్చింది, 'కోసం' అనే అర్థంలో కాదు. బస్సుకైతే అదీ ఉండదు. అందుకే 'ఫర్' పెట్టాలని తోచదు. "అక్క కోసం ఎదురుచూస్తున్నాను" అనే అలవాటున్న మనకు ఈ బెడద తక్కువ.

పరిష్కారం: వెయిట్ తర్వాత మనిషి వచ్చినా వస్తువు వచ్చినా ముందు 'ఫర్' ఉండాలి. "వెయిట్ ఎ మినిట్" వంటి చోట అక్కరలేదు.

సమస్య: "ఐ హోప్ యు టు కమ్."

కారణం: "ఐ వాంట్ యు టు కమ్" సరైనదే కదా అని దాని అచ్చులోనే పోస్తారు. స్పానిష్‌లో ఆ రెండు క్రియలకూ వాక్యనిర్మాణం ఒకటే మరి.

పరిష్కారం: "ఐ హోప్ యు కెన్ కమ్." వచ్చేది తామే అయితే "ఐ హోప్ టు కమ్." ఏదైనా జరగకూడదని కోరుకుంటే "ఐ హోప్ నాట్", "ఐ డోంట్ హోప్ సో" కాదు.

సమస్య: ఉత్తరం చివర "ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ రిప్లై" అని రాస్తే అవతలివారు నొచ్చుకున్నారు.

కారణం: "ఎస్పెరో సు రెస్పుయెస్తా" అనేది స్పానిష్‌లో మర్యాద మాట. ఇంగ్లీషులో అదే చోట ఎక్స్‌పెక్ట్ వాడితే "జవాబివ్వడం మీ బాధ్యత" అని పైఅధికారి హుకుం జారీచేసినట్టు ఉంటుంది. "ఐ యామ్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై"లో వ్యాకరణదోషం లేదు, కానీ ఆలస్యానికి విసుక్కుంటున్నట్టు ధ్వనించవచ్చు. "మీ జవాబును ఆశిస్తున్నాను" అని వినయంగా రాసే తెలుగువారూ ఇక్కడే జారిపడతారు.

పరిష్కారం: "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు." 'హియర్' కాదు, 'హియరింగ్'.

ఏ క్రియ వాడాలో తేలకపోతే ఎస్పెరార్ బదులు ఎదురుచూడటమనే అర్థమున్న 'అగ్వార్దార్' పెట్టి చూడమనండి. అర్థం చెడకపోతే చాలావరకు వెయిట్. వాక్యాన్ని 'ఒహాలా' (అలా జరిగితే బాగుండు) అనే మాటతో మొదలుపెట్టగలిగితే హోప్. ఇది అరబిక్ నుంచి స్పానిష్‌లో చేరిన మాట, కోరిక ఉన్నచోటే పలుకుతుంది. రెండూ కుదరకపోతే ఎక్స్‌పెక్ట్. గర్భిణి విషయంలో మాత్రం పరీక్షలేవీ వద్దు, "షి ఈజ్ ఎక్స్‌పెక్టింగ్ ఎ బేబీ" అని నేరుగా నేర్పేయండి.