పెద్ద టీవీ బిగించి పిల్లల చేతికి రిమోట్ ఇచ్చే ముందు

ముందు గోడ కొలవండి. 65 అంగుళాలంటే మూల నుంచి మూలకు ఉండే కొలత, అడ్డంగా చూస్తే దాదాపు 144 సెంటీమీటర్లు వస్తుంది. స్టాండు మీద పెడుతున్నా సరే, చిన్నపిల్లలున్న ఇంట్లో వెనక బెల్టు వేసి గోడకు కట్టి తీరాలి, ఎందుకంటే కింద డ్రాయరు లాగి పైకి ఎక్కబోతే టీవీ మీద పడుతుంది. ప్యానెల్‌ను పడుకోబెట్టి మోయకండి, పగిలే ప్రమాదం ఉంది.

గేమ్ కన్సోల్ ఉంటే టీవీ వెనక దాని కేబుల్ గుచ్చే హెచ్‌డీఎంఐ పోర్టుల పక్కన రాసింది చదవండి. 4కే బొమ్మ 120 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 120 సార్లు మారుతూ, రావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు కావాలి, చాలా టీవీల్లో అన్ని పోర్టులూ అలా ఉండవు.

ఇక లాక్ సంగతి, అసలు జాగ్రత్త ఇక్కడే. 0000, 1234 లాంటి పిన్ వచ్చింది వచ్చినట్టు వదిలేయొద్దు, పిల్లలు మొదట నొక్కేవి అవే. టీవీ సెట్టింగుల్లో రేటింగ్ లాక్ (వయసుకు తగనివి ఆపేది) పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి: అది చాలావరకు యాంటెన్నా ఛానెళ్లకే పనిచేస్తుంది, సెట్‌టాప్ బాక్స్‌కు దాని లాక్ దానిదే, నెట్‌ఫ్లిక్స్‌లో పిల్లల ప్రొఫైల్ విడిగా చేసి పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టాలి, యూట్యూబ్‌కు మళ్లీ వేరే. బ్రౌజర్‌ని, యాప్ స్టోర్‌ని కూడా లాక్ చేయండి. కొన్ని మోడళ్లలో ఫ్యాక్టరీ రీసెట్ (సెట్టింగులన్నీ చెరిపి కొత్తదానిలా చేయడం) కొడితే పిన్ పోతుంది, ఆ మెనూకి లాక్ ఉందో లేదో చూడండి.

అన్నీ అయ్యాక పిల్లల ప్రొఫైల్‌లోకి వెళ్లి, వాయిస్ బటన్ నొక్కి పెద్దల సినిమా పేరు ఒకటి అడిగి చూడండి. వచ్చిందంటే ఇంకా ఎక్కడో తెరిచే ఉంది.