కారు ఇన్సూరెన్స్ పైసలు ఎప్పుడు, ఎలా కట్టాలి: మా ఇంటి అనుభవం

మాది దేవరకొండ. ట్రాక్టర్ స్పేర్ పార్టుల దుకాణం ఉంది, లెక్కలన్నీ నేనే చూస్తాను. పత్తి సీజన్‌లో ఒక రాత్రి మా ఆయన హైదరాబాద్ నుంచి వస్తుంటే, కొండమల్లేపల్లి దగ్గర వెనక లైటు లేకుండా ఆగి ఉన్న పత్తి ట్రాలీని మా స్విఫ్ట్ గుద్దింది. దేవుడి దయ, మనిషికేం కాలేదు. బానెట్, రేడియేటర్ పోయాయి, షెడ్డులో 62 వేలన్నారు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఫోన్ చేస్తే, "మేడం, మీ పాలసీ రద్దయి మూడు వారాలైంది" అన్నారు.

అప్పట్లో కారు లోను కిస్తీ ప్రతి నెలా 5న కట్ అయ్యేది. ప్రీమియానికి ఇచ్చిన చెక్కు 6న బ్యాంకుకు వెళ్లింది. ఖాతాలో మిగిలింది 900. చెక్కు బౌన్సయింది. రద్దు చేశామని మెసేజ్ కూడా వచ్చిందట, గిరాకీ హడావిడిలో నేను చదవలేదు. పాలసీ కాగితం బీరువాలో ఉంది కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. 1938 నాటి బీమా చట్టంలో 64విబి సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా చేరితేనే కంపెనీది పూచీ. ఆ 62 వేలూ మేమే పెట్టుకున్నాం.

అప్పటి నుంచి చెక్కు మానేశాను. పాలసీ గడువుకు నెల ముందు, ఖాతాలో ఎంత ఉందో చూసుకుని, కంపెనీ వెబ్‌సైట్‌లో నేనే యూపీఐతో కడతాను. ఏజెంటు ఎంత తెలిసినవాడైనా చేతికి నగదు ఇవ్వను. తర్వాత సర్కారు వారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, ఇన్సూరెన్స్ తేదీ మారేదాకా చూస్తూ ఉంటాను.

గడువు దాటనివ్వకండి. దాటితే సొంత డ్యామేజీ కవర్ (మన బండి రిపేరు ఖర్చు ఇచ్చేది) కోసం బండిని మళ్లీ తనిఖీ చేయించాలి. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు సొంత డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మొత్తం పోతుంది. అది క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదో ఏటికి 50. సొంత డ్యామేజీ ప్రీమియం 8 వేలుంటే ఏటా 4 వేలు మిగిలినట్టే. పోగొట్టుకుంటే మళ్లీ అక్కడికి చేరడానికి అయిదేళ్లు! అందుకే రెండు వేల గీతకు నేను క్లెయిమ్ వేయను. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియానికి మాత్రం ఈ బోనస్ వర్తించదు. ఆ రేటు సర్కారుదే, 2022 జూన్‌లో మా బండిలాంటి 1000 నుంచి 1500 సీసీ కార్లకు 3,416 రూపాయలు చేశారు.

సిబిల్ (అప్పులు కట్టే తీరుకు వేసే మార్కులు) తగ్గితే కారు ఇన్సూరెన్స్ పెరుగుతుందా అని మా వీధిలో అడుగుతుంటారు. సిబిల్‌తో పని పడేది లోను దగ్గర. ఇక్కడ ప్రీమియానికి బండి విలువ, వయసు, ఇంజిన్, క్లెయిములు చూస్తారు. అమెరికాలో వేరు. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. "అత్తా, యాక్సిడెంట్ ఒక్కటీ చేయలేదు, అయినా ఇంత ప్రీమియమా?" అని బాధపడ్డాడు. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి లాంటి కొన్ని చోట్ల తప్ప, అక్కడ చాలా రాష్ట్రాల్లో అప్పులు కట్టే తీరును బట్టి కూడా రేటు వేస్తారు. కొత్తగా వెళ్లిన పిల్లలకు ఆ చరిత్రే ఉండదు. క్రెడిట్ కార్డు బిల్లుకు ఆటోపే పెట్టుకోమన్నాను. ఇన్సూరెన్స్ కంపెనీ మారాలంటే కొత్త పాలసీ మొదలయ్యాకే పాతది ఆపమన్నాను, ఎందుకంటే మధ్యలో ఖాళీ వస్తే అక్కడ రిస్క్ ఎక్కువున్న డ్రైవర్ల లెక్కలో వేసి రేటు పెంచేస్తారు.

పోయిన నెల మా లోను తీరింది. అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, వాళ్ల పేరు తీయించే ఫారం 35 తీసుకెళ్లి ఆర్‌సీ మీద ఫైనాన్స్ వాళ్ల పేరు తీయించాలి, పాలసీలో కూడా తీయించాలి. అలాగే వదిలేస్తే, రేపు బండి పూర్తిగా పాడైనా, దొంగలెత్తుకుపోయినా క్లెయిమ్ డబ్బు ముందు వాళ్లకే వెళ్తుంది. సోమవారం మా ఆయనను నల్గొండ ఆర్టీఏ ఆఫీసుకు పంపిస్తున్నాను.