గడప దాటాక మొదటి మూడు అడుగులు: ఇరుకు నడవ సమస్యలు, పరిష్కారాలు

కడపలో మేము అద్దెకున్న పోర్షన్‌లో తలుపు తీయగానే వచ్చే నడవ వెడల్పు మూడున్నర అడుగులు, పొడవు ఆరు. నలుగురి చెప్పులు, రెండు హెల్మెట్లు, వాటర్ క్యాన్, పిల్లల బడి సంచులు, కరెంటు మీటరు అన్నీ అందులోనే. పాత మిద్దె ఇళ్లలో ఈ తిప్పలు తక్కువ. చెప్పులు అరుగు కింద ఉండేవి, దీపం గోడ గూట్లో వెలిగేది, సంచి చిలక్కొయ్యకు వేలాడేది. ఇల్లు కట్టిన మేస్త్రీయే వాటికి చోటు చూసి పెట్టేవాడు. ఇప్పుడు ఆ చోటు మనమే వెతుక్కోవాలి, అదీ ఇంటి యజమాని మేకు కొట్టవద్దన్న గోడల మధ్య.

బజారుకు వెళ్లే ముందు ఒక వారం ఊరికే గమనించండి. బయటి నుంచి వచ్చినవారి చేతిలోని వస్తువు ఎక్కడ పడుతుందో, దాని చోటు అక్కడే. నేను ఈ పని చేయకుండానే స్టాండు కొన్నాను. అది ఇప్పుడు మేడ మీద పూలకుండీలు మోస్తోంది.

తలుపు పూర్తిగా తెరుచుకోదు

కారణం దాదాపు ఎప్పుడూ తలుపు వెనుక పెట్టిన చెప్పుల స్టాండే. తలుపు వెడల్పు మూడు అడుగులైతే, అది తిరగడానికి మూడు అడుగుల చోటు కావాలి. కొనేటప్పుడు మనం గోడ పొడవు కొలుస్తాం గానీ తలుపు తిరిగే చోటు కొలవం.

మా అత్తగారు చెప్పిన ఉపాయం ఇది. తలుపును మెల్లగా తెరుస్తూ దాని అంచు వెంట నేల మీద ముగ్గుపిండితో గీత వేయండి. ఆ గీత లోపల ఏ వస్తువూ నేల మీద ఉండకూడదు. బందులున్న వైపు కాకుండా గొళ్లెం వైపు గోడ ఖాళీగా ఉంటే స్టాండుకు అదే సరైన చోటు. అక్కడా ఇరుకైతే చెప్పులు ఏటవాలుగా నిలబడే సన్నరకం స్టాండు చూడండి. మామూలు అరకు అడుగు లోతు కావాలి, ఏటవాలు దానికి ఏడెనిమిది అంగుళాలు చాలు.

స్టాండు ఉంది, చెప్పులు మాత్రం నేల మీదే

పిల్లలను తిట్టే ముందు స్టాండు చూడండి. చేతికందే పై అరలో పెళ్లిళ్లకు వేసుకునే చెప్పులు, పట్టీ తెగినవి, ఎవరివో తెలియని ఒక జత ఉంటాయి. రోజూ వేసుకునేవాటికి మాత్రం వంగి తోయాల్సిన అడుగు అర మిగులుతుంది. అలసి వచ్చిన మనిషి వంగడు.

మనిషికి ఒక్క జత, అది కూడా రోజువారీది, నడవలో ఉండనివ్వండి. మిగతావి సంచిలో కట్టి అటక మీదికి. నలుగురున్న ఇంటికి ఆరు జతల చోటు పెట్టి, రెండు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అవి చుట్టాలవి. ఆ ఖాళీ లేకపోతే వచ్చినవారి చెప్పులు గడప బయట మెట్ల మీద పడతాయి, వారిని చూసి మనవీ అక్కడికే చేరతాయి.

స్టాండు కొనడానికి డబ్బు లేదంటే మన ప్రాంతంలో ఉన్నంత చవక మార్గం ఇంకెక్కడా లేదు. బండల పాలిష్ యూనిట్ల దగ్గర అంచు విరిగిన ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఎర్రగుంట్ల వైపు వెళ్లేవారికి ఇది తెలిసిందే, కర్నూలు వైపు వారికి బేతంచర్ల ఉంది. అడుగు వెడల్పు, మూడు అడుగుల పొడవున్న రెండు ముక్కలు తెచ్చి ఇటుకల మీద అరలుగా పేర్చుకోండి. చెదలు పట్టదు, తుప్పు పట్టదు, తడి చెప్పులు పెట్టినా ఉబ్బదు. ఇంట్లో పాకే పిల్లలుంటే మాత్రం పేర్చి వదిలేయవద్దు, సిమెంటుతో అతికించాలి. బండ మీద పడితే కాలు నుజ్జవుతుంది.

అతికించిన కొక్కెం రాత్రికి రాత్రే ఊడిపడుతుంది

మేకు కొట్టకూడదు కనుక జిగురు కొక్కేలు తెస్తాం. ప్యాకెట్టు మీద ఐదు కిలోలు మోస్తుందని ఉంటుంది. హెల్మెట్టు తగిలిస్తే తెల్లారేసరికి రెండూ నేల మీద ఉంటాయి.

ఊడిన కొక్కెం వెనుక భాగం ఒకసారి చూడండి. అక్కడ తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. అంటే జిగురు పట్టు వదల్లేదు, గోడే వదిలింది. అద్దె ఇళ్లకు వేసే సున్నం, చవక డిస్టెంపరు వేలితో రుద్దితే చేతికి అంటుతాయి. జిగురు ఆ పొడిని పట్టుకుంటుంది తప్ప దాని వెనుక ఉన్న గోడను కాదు. ఎంత ఖరీదైన కొక్కెం తెచ్చినా ఇదే కథ.

కాబట్టి గోడ మీద అతికించకండి. ఎనామిల్ రంగు వేసిన తలుపు, దర్వాజా చట్రం, టైలు, ఇనుప మీటరు పెట్టె పక్కన ఉండే నున్నటి పలక, వీటిలో ఏదైనా మంచిదే. తడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కొక్కెం అతికించి, ఒక రోజు ఏమీ తగిలించకుండా వదిలేయండి. మీటరు పెట్టె మీద మాత్రం ఏదీ అతికించవద్దు, దాని తలుపు ఎప్పుడూ తెరుచుకోవాలి.

ఇంకో దారి, నాకు ఎక్కువ నచ్చినది: పాత యజమాని కాలం నాటి మేకు ఒకటి ప్రతి గోడకూ ఉంటుంది. పాత మంచం చట్రం నుంచో, వడ్రంగి దగ్గర మిగిలిన చెక్క నుంచో రెండడుగుల పలక తీసుకుని, దానికి ఐదు కొక్కేలు బిగించి, బలమైన తాడుతో ఆ మేకుకు వేలాడదీయండి. అది మన చిలక్కొయ్య. తాళాలు, గొడుగు, కూరల సంచి దానికి. మేకు ఊగుతుంటే హెల్మెట్లు మాత్రం వద్దు, వాటికి కిటికీ చువ్వలకు తగిలించే ఎస్ ఆకారపు కొక్కేలు చాలు. ఇల్లు మారినప్పుడు పలక మనతోనే వస్తుంది.

నల్లబండ మీద తెల్లమచ్చలు

ఈ తప్పు నేను చేశాను కనుక వివరంగా చెబుతాను. పండుగ ముందు నడవ బండలు తెల్లగా పేరుకుని కనిపించాయి. బాత్‌రూము కడిగే యాసిడ్ కొంచెం పోసి రుద్దాను. బుసబుసమని నురుగొచ్చింది, మురికి పోతోందని సంతోషించాను. ఆరాక చూస్తే పోసిన మేర బూడిదరంగు మచ్చ, చేత్తో తడిమితే గరుకు. మురికి కాదు పోయింది, బండ పోయింది.

కడప బండ సున్నపురాయి. యాసిడ్ తగిలితే పైపొర కరుగుతుంది, ఆ నురుగు దానిదే. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ కూడా నెమ్మదిగా అదే పని చేస్తాయి. అసలు మొదట కనిపించిన తెలుపేమో బోరునీటిది. మన నీళ్లలో ఉప్పులెక్కువ, కడిగి అలాగే ఆరనిస్తే నీరు ఆవిరై తెల్లపొర మిగులుతుంది.

రెంటినీ గుర్తుపట్టడం తేలిక. గోటితో గీకండి. పొడిగా రాలితే అది నీటి ఉప్పు: సబ్బునీళ్లు, నైలాన్ బ్రష్షు చాలు, కడిగిన వెంటనే పొడిబట్టతో తుడిస్తే మళ్లీ పేరుకోదు. గీకినా రాలకపోతే అది కాలిన మచ్చ, ఏ పొడితో తోమినా పోదు. అది అర మీద ఉంటే అవిసె నూనె పలుచగా రాసి, పది నిమిషాలాగి, మిగిలినది గట్టిగా తుడిచేయండి. రంగు మళ్లీ నల్లబడుతుంది, కొన్ని నెలలకోసారి రాయాలి. నేల మీద, మెట్ల మీద మాత్రం నూనె వద్దు, జారి పడతారు. అక్కడ మళ్లీ మెషీన్ పాలిష్ పట్టించడమే మార్గం. లేదా నాలాగా ఆ మచ్చ మీద పట్టా పరిచి ఊరుకోవడం.

గోడ అడుగున రంగు పొంగి రాలుతోంది

తడి గోడలోకి ఎక్కి, తనతోపాటు ఉప్పును పైకి తెచ్చి, పైపొర వెనుక వదిలేసి తాను ఆవిరవుతుంది. ఆ ఉప్పే రంగును తోస్తుంది. దాని మీద పూల స్టిక్కరు అతికిస్తే పుండు మీద పట్టుచీర కప్పినట్టే. తడి లోపలే ఉండి మరింత పైకి పాకుతుంది.

తడి ఎక్కడిదో ముందు తేలాలి. మచ్చ మీద అరచేయంత ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులుంచండి. గోడవైపు నీటిచుక్కలు కడితే తడి గోడలోనిది. మచ్చ నేల నుంచి మొదలై రెండు మూడు అడుగుల దగ్గర ఆగితే నేల చెమ్మ. నడుమున ఒక్కచోటే ఉంటే గోడకు అవతల కొళాయో పైపో కారుతోంది, యజమానిని పిలిచి చూపించండి, ఆ ఖర్చు మీది కాదు.

మన వంతు పని తక్కువ. పొంగిన రంగు గీకేసి, ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. వేసవిలో కొన్ని వారాలు ఆరనిచ్చి, ఆ మేరకు సున్నం వేయండి. సున్నం తడిని బయటికి పోనిస్తుంది, ప్లాస్టిక్ రంగులు పోనివ్వవు. స్టాండును ఆ గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి.

పగలే చీకటి

చాలాసార్లు బల్బు చిన్నది కాదు, దుమ్ము పట్టి ఉంటుంది. ముందు తుడవండి. చాలకపోతే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ, పైకప్పుకు తెల్లరంగు. అద్దాన్ని కిటికీకి ఎదురుగా పెడితే పగటి వెలుగు రెట్టింపైనట్టుంటుంది. తలుపుకు ఎదురుగా అద్దం ఉండకూడదనే పెద్దలు ఇంట్లో ఉంటే పక్కగోడకు పెట్టండి. వాదించి గెలిచేంత విషయం కాదు.

ఊడ్చిన గంటకే దుమ్ము

ఒక్క పట్టాతో పని జరగదు. గడప బయట గరుకైన కొబ్బరిపీచు పట్టా మట్టిని రాలుస్తుంది, లోపల పాత నూలు చీరలతో అల్లినది మిగిలిన పొడిని, తడిని పట్టుకుంటుంది. రెండడుగులు వేసేంత పొడవుంటేనే ఫలితం. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ కొట్టిస్తే వేసవి గాలులప్పుడు తేడా తెలుస్తుంది. అనంతపురంలో ఉన్నవారికి ఇది మరీ అవసరం.

ఎన్ని తగిలించినా అందం రాలేదు

ఎన్నో ఉండటమే కారణం. ప్లాస్టిక్ తోరణం, మూడు క్యాలెండర్లు, బొమ్మల వరుస, ఎండిన మనీప్లాంటు. మూడున్నర అడుగుల నడవలో కంటికి ఒక్క వస్తువు చాలు. అన్నీ తీసేసి, రెండు రోజులు ఖాళీ గోడను అలవాటు చేసుకుని, తర్వాత ఒక్కటి పెట్టండి.

కడప పేరు గడప నుంచే వచ్చిందని, తిరుమలకు పోయేవారు ముందు దేవుని కడపలో స్వామిని చూసి పోయేవారని ఇక్కడ చెప్పుకొంటారు. అలాంటి ఊళ్లో గడప బోడిగా ఉంటే మా అత్తగారు ఊరుకోరు. పసుపు, కుంకుమ, పండుగ నాడు మామిడాకులు ఆమె వంతు. ఆకులు ఎండిన రోజే తీసేయాలన్నది మా మధ్య ఒప్పందం.

నా వంతు ఒక చిన్న తోలుబొమ్మ దీపం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేసేవి ఇవి. ఆ ఊరు ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండేది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. మేకతోలు మీద రంగులు వేసి, సన్నని చిల్లులు పెడతారు. లోపల దీపం వెలిగితే ఆ చుక్కలు గోడ మీద పడతాయి, వేరే అలంకారం అక్కరలేదు. లోపల వేడెక్కే పాత బల్బు కాకుండా చిన్న ఎల్ఈడీ పెట్టండి. వానాకాలంలో జల్లు లోపలికి కొట్టే రోజుల్లో మేము దాన్ని తీసి బీరువా మీద పెడతాం, తోలు తడిస్తే వంకర పోతుంది.