పిల్లలతో కలిసి స్కూబా డైవింగ్: హడావిడి లేని చోటు ఎలా ఎంచుకోవాలి?

మా అమ్మాయికి పదేళ్ళు నిండిన ఏడు మొదటిసారి అండమాన్ వెళ్ళాం. జనంతో కిటకిటలాడుతున్న ఒక బీచ్‌లో స్కూబాకి, అంటే వీపున గాలి సిలిండర్ పెట్టుకుని నీళ్ళ అడుగుకి దిగడానికి, టికెట్ తీసుకుని వరసలో నిలబడ్డాం. మనిషికి ఇరవై నిమిషాలు. మా వెనక ఇంకో పదిహేను మంది దాకా ఉన్నారు. గైడు మా అమ్మాయి వీపు మీది సిలిండర్ పట్టుకుని నీళ్ళలోకి దించాడు. మూడు నిమిషాలు కాకముందే పైకొచ్చేసింది. మాస్క్ తీస్తే కళ్ళనిండా నీళ్ళు. "చెవి నొప్పిగా ఉందని చూపించానమ్మా. ఆయన కెమెరా వైపు చూడమంటున్నారు" అంది. ఆ రాత్రంతా చెవి పట్టుకుని పడుకుంది. కర్ణభేరికి ఏమీ కాలేదని డాక్టర్ చెప్పేదాకా నాకు అన్నం సయించలేదు.

మళ్ళీ ఏడాదికి, తనకు పదకొండేళ్ళప్పుడు, ఇద్దరం కలిసి పూర్తి కోర్సు చేశాం. ఈసారి చోటు వెతకడానికే రెండు నెలలు పెట్టాను. పిల్లలతో నేర్చుకునేవాళ్ళకు ప్రశాంతమైన చోటంటే నా దృష్టిలో ఒకటే: పిల్ల చెవి సర్దుకునేదాకా ఎవరూ తొందరపెట్టని చోటు. నీలం నీళ్ళూ, తెల్ల ఇసుకా ఆ తర్వాతి మాట.

1. ముందు వయసూ, ఒంట్లో ఆరోగ్యమూ చూసుకోండి

పాడీ అనే శిక్షణ సంస్థ నియమాల ప్రకారం ఎనిమిదేళ్ళ పిల్లలు 2 మీటర్ల లోతు వరకూ సరదాగా ప్రయత్నించవచ్చు. సర్టిఫికెట్ వచ్చే జూనియర్ ఓపెన్ వాటర్ కోర్సుకు పదేళ్ళు నిండాలి. పది, పదకొండేళ్ళ పిల్లలకు లోతు 12 మీటర్లు దాటకూడదు. కోర్సు అయ్యాక కూడా డైవింగ్ వచ్చిన తల్లో తండ్రో, లేకపోతే ఇన్‌స్ట్రక్టరో పక్కన ఉండాల్సిందే. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు పెద్దవాళ్ళ తోడుతో 18 మీటర్ల దాకా వెళ్ళొచ్చు.

కోర్సుకు ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపమంటారు. ఉబ్బసం, మూర్ఛ, తరచూ చెవి చీము, గుండె సమస్య లాంటివి ఏ ఒక్కటి ఉన్నా దాచకుండా రాసి, డాక్టర్ సరే అన్నాకే దిగండి. టిక్కెట్లు కొనేశాం కదా అని "లేదు" అని టిక్కు పెట్టేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక చెవుల సంగతి. నీళ్ళలో 10 మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. ఆ మార్పు చెవికి ఎక్కువగా తెలిసేది మొదటి రెండు మూడు మీటర్లలోనే. పిల్లల్లో గొంతు నుంచి చెవికి వెళ్ళే గొట్టం సన్నగా, అడ్డంగా ఉంటుంది. కాస్త పడిశం పట్టినా మూసుకుపోతుంది. అందుకే పిల్లలు అరమీటరు దిగి, ముక్కు పట్టుకుని మెల్లగా ఊది, "టక్" మన్నాక ఇంకో అరమీటరు దిగాలి. నొప్పి వస్తే కొంచెం పైకొచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. దీనికి ఒక్కోసారి పది నిమిషాలు పట్టొచ్చు. ఆ పది నిమిషాలు ఇవ్వగలరా లేదా అన్నదాన్ని బట్టే చోటు ఎంచుకోండి.

2. సగం చదువు మీ ఊళ్ళోనే పూర్తిచేయండి

కోర్సులో ఎక్కడా ఆగకుండా 200 మీటర్లు ఈది చూపించాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. రెండు నెలల ముందు నుంచీ దగ్గర్లోని ఈత కొలనులో ఇద్దరూ సాధన చేయండి. మాస్క్‌లోకి నీళ్ళు వస్తే గాబరా పడకపోవడం, ముక్కుతో కాకుండా నోటితో ఊపిరి తీయడం అక్కడే అలవాటైపోతాయి.

సైగలు మాత్రం మేం భోజనాల బల్ల దగ్గర నేర్చుకున్నాం. బయట బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని. నీళ్ళ అడుగున దాని అర్థం "పైకి పోదాం". బాగుంది అని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలపాలి. ఏదైనా తేడాగా ఉంటే అరచెయ్యి అటూ ఇటూ ఊపి, ఎక్కడ బాధో అక్కడ వేలు పెట్టి చూపించాలి. వారం రోజులు ఇంట్లో పప్పు బాగుందా అంటే సున్నా, ఉప్పెక్కువైతే చెయ్యి ఊపి గిన్నె వైపు వేలు. మొదటిసారి మా అమ్మాయికి ఈ సైగ సరిగ్గా రాదు, ఎదుటివాళ్ళూ చూడలేదు.

3. సముద్రాన్ని ఎంచుకోండి

పిల్లలకు కావలసింది పడవెక్కి దూరం పోయే చోటు కాదు. ఒడ్డు నుంచి నడిచి దిగగలిగి, ఇసుక అడుగు నెమ్మదిగా లోతయ్యే చోటు. భయమేస్తే లేచి నిలబడితే నడుము లోతు నీళ్ళే ఉండాలి. అడుగున పగడపు దిబ్బలు కాకుండా ఇసుక ఉంటే మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకోవచ్చు. పిల్ల కాలికి దెబ్బా తగలదు, పగడాలూ విరగవు.

ఈ లెక్కన మన విశాఖ రుషికొండ నాకు నచ్చినా, పిల్లల మొదటి పాఠానికి అక్కడికి వెళ్ళమనను. అలలు ఒడ్డునే విరుగుతాయి, నీరు మసకగా ఉండే రోజులే ఎక్కువ. కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి వెళ్ళే నేత్రాణి దీవి దగ్గర నీరు తేటగా ఉంటుంది కానీ అక్కడిదాకా పడవ ప్రయాణం, నేరుగా లోతు నీళ్ళలోకి దూకడం. కోర్సు అయ్యాక వెళ్ళాల్సిన చోటది. లక్షద్వీప్‌లో కడమత్, అగత్తి లాంటి దీవుల లగూన్లు, అంటే పగడపు దిబ్బల చాటున ఉండే లోతు తక్కువ నీళ్ళు, చెరువుల్లా ప్రశాంతంగా ఉంటాయి. ఆ దీవుల్లోకి వెళ్ళడానికి కావలసిన పర్మిట్ సంగతి ముందే చూసుకోగలిగితే అంతకన్నా ఏం కావాలి.

మేం ఎంచుకున్నది అండమాన్‌లోని నీల్ దీవి. 2018లో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు, దగ్గర్లోని హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని. ఎక్కువమంది హేవ్‌లాక్‌లో దిగుతారు. అక్కడా మంచి స్కూళ్ళున్నాయి కానీ ఒడ్డు దగ్గరి లోతు తక్కువ చోట్లలో సీజన్‌లో రద్దీ ఎక్కువ. నీల్ చిన్న దీవి, వరిచేలు, కూరగాయల తోటలు. అక్కడి బీచ్‌ల పేర్లు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. మా అమ్మాయి మ్యాప్ చూసి "శత్రుఘ్నుడికి లేదా?" అని అడిగింది. భరత్‌పూర్ జెట్టీ పక్కనే ఉండటంతో పగలంతా జెట్ స్కీలూ, గాజు అడుగు పడవలూ తిరుగుతాయి. పైన మోటారు తిరిగే చోట కింద పిల్ల ఉండటం నాకిష్టం లేదు. అందుకే అక్కడ కాకుండా వేరే ఒడ్డున నేర్పే స్కూలు చూసుకున్నాం. అండమాన్‌లో ఎక్కడైనా మొసళ్ళ బోర్డు కనిపిస్తే ఆ ఒడ్డున పిల్లల్ని నీళ్ళలోకి దించకండి.

ఇంకో మాట. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. జంగ్లీఘాట్ వైపు వెళ్తే శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. సముద్రం గురించి అక్కడి బెస్తవాళ్ళు చెప్పింది నాకు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకలేదు.

4. తేదీలకు పంచాంగం చూడండి

ఇది నేను బెస్తవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. అమావాస్యకూ, పౌర్ణమికీ పోటు ఎక్కువ, నీటి లాగుడూ ఎక్కువే. అష్టమి, నవమి, దశమి రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా తక్కువ. నీరు నిలకడగా ఉంటుంది. పిల్లలు సముద్రంలో మొదటిసారి దిగే రోజు ఈ తిథుల్లో పడేలా చూసుకోండి. పాటు సమయంలో నీల్ ఒడ్డున రాళ్ళు బయటపడి నడవడమే కష్టమవుతుంది. కాబట్టి రోజులో ఏ గంటకు దిగాలో స్కూలు వాళ్ళనే అడగండి.

ఇక నెలలు. అక్టోబరు నుంచి మే వరకూ సీజన్. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం మొదటివారం దాకా అస్సలు వద్దు, దీవులు నిండిపోతాయి. సంక్రాంతి సెలవులు మేలు. వేసవి సెలవులే కుదిరితే ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం చాలు. మే మూడో వారం నుంచి అండమాన్‌ను రుతుపవనాలు తాకుతాయి.

5. ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి

ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ఉంటారు? మీ పిల్లతో కలిపి ఇద్దరు ముగ్గురు దాటితే వేరే చోటు చూసుకోండి. పిల్లల సైజు మాస్క్, గాలి జాకెట్, చిన్న సిలిండర్, ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్ ఉన్నాయా? పెద్దవాళ్ళ జాకెట్ బెల్టు బిగించి సరిపెడతామంటే ఒప్పుకోకండి, నీళ్ళలో అది పైకి జారి మెడ దగ్గరికొస్తుంది. 28 డిగ్రీల వెచ్చటి నీళ్ళలో కూడా పిల్లలకు తొందరగా చలేస్తుంది, వెట్‌సూట్ తప్పనిసరి. ఆక్సిజన్ కిట్ ఒడ్డున ఉంటుందా? మరీ తొందరగా పైకొచ్చి ఒంట్లో గాలి బుడగలు ఏర్పడిన డైవర్లకు చికిత్స చేసే ప్రెషర్ ఛాంబర్ ఎక్కడుంది? అండమాన్‌లో అది పోర్ట్ బ్లెయిర్ నౌకాదళ ఆసుపత్రిలో ఉంది. ఆ మాట తడుముకోకుండా చెప్పేవాళ్ళు పని తెలిసినవాళ్ళు.

నేర్పేది ఏ భాషలో? మా అమ్మాయికి ఇంగ్లిష్ వచ్చినా, భయమేసినప్పుడు నోటికొచ్చేది తెలుగే. మా ఇన్‌స్ట్రక్టర్ బెంగాలీ అబ్బాయి. "భయం", "నొప్పి", "ఆగు" అనే మూడు మాటలు మొదటిరోజే అడిగి నేర్చుకున్నాడు.

చివరిగా, "మా పిల్ల మధ్యలో వద్దంటే ఏం చేస్తారు?" అని అడగండి. "అలాగేం కాదు మేడమ్, మేం తీసుకెళ్ళిపోతాం కదా" అన్నచోటికి నేను వెళ్ళలేదు. "ఆ రోజుకి ఆపేసి, మర్నాడు చూద్దాం" అన్నచోటికి వెళ్ళాను.

6. డబ్బు కట్టేముందు ఒక పొద్దున ఒడ్డున కూర్చోండి

ఒకరోజు ముందే చేరుకుని, ఎనిమిదింటికల్లా ఒడ్డుకి వెళ్ళి గంటసేపు చూడండి. నీళ్ళలోంచి బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూడండి. ఇన్‌స్ట్రక్టర్ పిల్లల కళ్ళలోకి చూస్తున్నాడా, గడియారం వైపా? సామాను మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేస్తున్నారా? మేం చూసిన చోట ఒకతను తడిసిన జాకెట్లను ఒక్కొక్కటే తిరగేసి, గాలి గొట్టాలకు నోట్లో పెట్టుకునే ముక్కల్ని వేళ్ళతో తుడిచి, కొబ్బరిచెట్టు కింద వరసగా వేలాడదీస్తున్నాడు. అరగంట పట్టింది. డబ్బు అక్కడే కట్టాను.

7. మొదటిరోజు తక్కువ చేయండి

పెద్దవాళ్ళు ఈ కోర్సును మూడు రోజుల్లో ముగిస్తారు. పిల్లతో వెళ్తే నాలుగైదు రోజులు చేతిలో పెట్టుకోండి, ఒక ఖాళీ రోజుతో సహా. మొదటిరోజు నడుము లోతులో మాస్క్ తీసి పెట్టుకోవడం, ఊపిరి బిగబట్టకుండా ఉండటం వస్తే చాలు. నీళ్ళలో ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులకే ప్రమాదం. ఆ ఒక్క నియమం పిల్లకు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. పడిశం ఉంటే ఆరోజు మానేయండి. ముక్కు దిబ్బడకు మందేసి దించకండి, మందు ప్రభావం అడుగున తగ్గితే చెవి మూసుకుపోతుంది.

రెండోరోజు మా అమ్మాయికి ఎడమ చెవి తెరుచుకోలేదు. రెండు మీటర్ల దగ్గర ఇసుకలో దిగేసిన తాడు పట్టుకుని ఆగిపోయింది. చెయ్యి ఊపి చెవి చూపించింది. ఇన్‌స్ట్రక్టర్ తాడు మీద తన చెయ్యి కూడా వేసి, ఒక అడుగు పైకి రమ్మని సైగ చేసి, అక్కడే ఉండిపోయాడు. నేను పక్కన లెక్కపెడుతున్నాను. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు ముక్కు పట్టుకుని ఊదింది. ఆరోసారి కళ్ళు పెద్దవయ్యాయి. వేళ్ళు సున్నాలా కలిపి నా మొహం ముందు పెట్టింది.

ఇద్దరికీ సర్టిఫికెట్ వచ్చినా, మీరూ కొత్తవాళ్ళే కాబట్టి మొదటి కొన్ని డైవ్‌లు మీరిద్దరే వెళ్ళకండి. ఇన్‌స్ట్రక్టర్‌ను తీసుకెళ్ళండి. ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య 18 గంటలైనా ఉండాలి. అందుకే తిరుగు టిక్కెట్టు చివరి డైవ్ మర్నాటికి కాకుండా ఆ పైరోజుకి తీసుకోండి. ఆ మిగిలిన రోజు మేం సైకిళ్ళు అద్దెకు తీసుకుని సీతాపూర్ దాకా తొక్కాం.