పి0068 కోడ్ వచ్చిందా? సెన్సర్ కొనేముందు పైపు చూడండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల దుమ్ములో రోజూ తిరిగే నా పెట్రోల్ కారుకు పోయిన నెల చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. బండి నిలిపి ఇంజిన్ ఆన్‌లోనే ఉంచితే ఊగుతోంది. లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి0068. అంటే థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి తెరుచుకునే మూత) తెరుచుకున్నదానికీ, లోపలికి వస్తున్న గాలికీ లెక్క కుదరట్లేదని. షాపులో థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నారు. నేను ఒప్పుకోలేదు.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూశాను, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) ప్లస్ 20 శాతం దాకా ఉంది, 2500 ఆర్‌పీఎం దగ్గర 4కి పడిపోయింది. ఇలా తగ్గితే, లోపలికి వచ్చే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ దాటాక ఎక్కడో లెక్కలోకి రాని దొంగగాలి దూరుతున్నట్టే. అదే రేస్ చేసేకొద్దీ పెరిగితే మాఫ్ సెన్సర్ మీద దుమ్ము పట్టిందేమో అనుమానించాలి.

ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు పైపును చేత్తో వంచి చూశాను. పైకి నున్నగానే ఉంది, అడుగున ముడతల మధ్య వేలెడంత చీలిక! మన ఎండలకు రబ్బరు ఏం ఆగుతుంది? పైపు మార్చి, కోడ్ తుడిచేశాక మళ్లీ రాలేదు.

మాఫ్ సెన్సర్ కడగాల్సి వస్తే దాని కోసం అమ్మే స్ప్రేనే వాడండి. కార్బొరేటర్ క్లీనర్ కొట్టొద్దు, లోపలి సన్న తీగను గుడ్డతో అసలే తుడవొద్దు.

మీ బండికి మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో ఒత్తిడిని కొలిచేది) ఉంటే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో దాని రీడింగ్ చూడండి. మీ ఊళ్లో బయట ఉండే గాలి ఒత్తిడికి దగ్గరగా చూపాలి.