బాత్రూం బూజు వదిలించే పాఠాలు – 3: ముందు బండ సంగతి, తర్వాతే సీసా

పోయిన పాఠంలో సబ్బు తెట్టు గురించి చెప్పుకున్నాం. బోరునీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లల్లో సబ్బు సరిగా నురగ రాదు. తెట్టుగా మారి టైల్స్‌కు అంటుకుంటుంది. బూజుకు తిండి ఆ తెట్టే. అందుకే కుంకుడు రసంతో గోడలు కడిగి వారం ఆగమన్నాను. కడిగినవాళ్లకు ఈపాటికి తేడా కనిపించే ఉంటుంది. తెట్టు పోయినచోట నలుపు చాలావరకు తేలిపోయి ఉంటుంది. టైల్స్ సందుల్లో మాత్రం సూదిమొనతో పొడిచినట్టు చుక్కలు మిగిలి ఉంటాయి. అసలు బూజు అదే. ఈ పాఠంలో దాన్నే తీస్తాం.

అయితే గోడ జోలికి పోయే ముందు ఒకసారి కిందికి చూడండి. మీ బాత్రూం నేల దేంతో వేశారు?

అనంతపురం వైపు పాత ఇళ్లల్లో ఎక్కువగా తాడిపత్రి బండలు ఉంటాయి. కడప వాళ్లకు కడప నల్లబండ, కర్నూలు వాళ్లకు బేతంచర్ల బండ. రంగులు వేరైనా అన్నీ నాపరాళ్లే, అంటే సున్నపురాయి జాతి. పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది. నిమ్మరసం, చింతపండు, వెనిగర్, ఆసిడ్ ఏదైనా సరే. ఎంత కరుగుతుంది, ఎంతసేపట్లో కరుగుతుంది అన్నదే తేడా.

ఈ సంగతి తెలియక నేను ఒక మంచి బండను పాడుచేశాను. మా అత్తమ్మ ఇప్పటికీ బాత్రూం అనదు, బచ్చలి అనే అంటుంది. ఆ బచ్చలి మూలలో నల్లగా పట్టిందని, ఏదో వీడియోలో చూసి వెనిగర్ పోసి అరగంట వదిలేశాను. బూజు సగం పోయింది. దాంతోపాటు బండ నునుపు కూడా పోయింది. అరచెయ్యంత మేర పాలిపోయి, చేత్తో తడిమితే గరుకుగా తగిలింది. నలభై ఏళ్లుగా ఇంటిల్లిపాదీ నడిచి నడిచి నున్నగా అయిన బండ అది. అత్తమ్మ ఒక్క మాట కూడా అనలేదు. స్నానం పీటను తెచ్చి ఆ మచ్చ మీద వేసుకుంది. ఇప్పటికీ ఆ పీట అక్కడే ఉంటుంది. ఈ పాఠంలో బండ గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం అదే.

మీ బండ ఏ జాతిదో తెలుసుకోవడం తేలిక. తలుపు వెనక, ఎవరికీ కనిపించని మూల చూసుకోండి. మేకుతో చిన్న గీత గీయండి. గీత మీద ఒక్క చుక్క నిమ్మరసం వేసి, వంగి దగ్గరగా చూడండి. గీత వెంబడి ఆవగింజలో సగం కూడా లేని బుడగలు వరసగా లేస్తే అది నాపరాయి. చూసిన వెంటనే నీళ్లు పోసి తుడిచెయ్యండి. బుడగలు అసలు లేవకపోతే గ్రానైటో, సిరామిక్ టైలో అయి ఉంటుంది.

నాపరాయి అని తేలితే దానికి వంటసోడా చాలు. మూడు చెంచాల వంటసోడాలో నీళ్లు చిలకరించి, దోసెపిండి కంటే గట్టిగా కలపండి. మచ్చ మీద మందంగా పట్టించి పావుగంట ఆగండి. ఆ తర్వాత కొబ్బరిపీచుతో మెల్లగా గుండ్రంగా రుద్దండి. ఇనుపపీచు వద్దు, గీతలు పడతాయి. ఒక్కసారికి పోకపోతే మర్నాడు మళ్లీ చెయ్యండి. నాకు మూడు రోజులు పట్టింది.

ఇక టైల్స్ సందులు. వీటికి నేను నమ్మేది హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే సీసానే. మన దగ్గర సాధారణంగా దొరికేది 6 శాతం, లేబుల్ మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. దానికి సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది, మన పనికి అది సరిపోతుంది. సీసా గోధుమరంగులో ఎందుకుంటుందంటే, వెలుతురు తగిలితే పెరాక్సైడ్ నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అందుకే ఆ పూటకు కావలసినంతే కలుపుకోండి. బూజు మీద పని చేశాక కూడా మిగిలేది ఆ నీళ్లూ, ఆక్సిజనే. నాకు ఇది నచ్చడానికి సగం కారణం అదే.

గోడ నిలువుగా ఉంటుంది కాబట్టి పోసింది పోసినట్టే జారిపోతుంది. అందుకని పలచన చేసిన పెరాక్సైడ్‌లో వంటసోడా కలిపి ముద్దగా చేసుకుని, పాత టూత్‌బ్రష్‌తో సందుల్లోకి కూరండి. బూజు ఉన్నచోట సన్నగా నురగ వస్తుంది. పావుగంట తర్వాత రుద్ది కడగండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కళ్లల్లో పడకుండా చూసుకోండి. రంగు బట్టల మీద పడితే రంగు వెలిసిపోతుంది కాబట్టి పాత బట్టలు కట్టుకోండి. మిగిలిన ముద్దను సీసాలో పోసి మూత బిగించొద్దు. లోపల గ్యాస్ నిండి సీసా పగిలిపోవచ్చు. నల్లబండ మీద పెరాక్సైడ్ వాడాలనుకుంటే ముందు మూలలో వేసి చూడండి, రంగు తేలిపోయే అవకాశం ఉంది.

వాష్‌బేసిన్ అంచున ఉండే సిలికాన్ లోపలికి నలుపు దిగితే ఎంత రుద్దినా పోదు. దాన్ని కోసి తీసి కొత్తది పట్టించాలి.

వీడియోల్లో వెనిగర్, వంటసోడా కలిపి పొంగించి చూపిస్తుంటారు. ఆ పొంగు చూసి మోసపోకండి. పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పునీళ్లలాంటిదే. వెనిగర్‌ను కుళాయి మీది తెల్లమరకలకు విడిగా వాడుకోండి. సందుల్లోకి మాత్రం వద్దు, అక్కడుండేది సిమెంటు, నాపరాయిలాగే అదీ పులుపుకు కరుగుతుంది. వెనిగర్‌ను పెరాక్సైడ్‌తో ఒకే సీసాలో కలపొద్దు. బ్లీచింగ్ పౌడర్‌తో అసలే కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ చిన్నగా ఉన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఒకే ఒక్క సీసా ఆసిడ్‌తో తేలిపోయే పనికి ఇంత శ్రమ దేనికని చాలామంది అడుగుతారు. ఆ ఆసిడ్ నీళ్లు మా వీధి కాలువలోకే పోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం కుక్కలు, మేకలు తాగేది ఆ కాలువలోనే. ఇది కళ్లముందు కనిపించే సంగతి. కనిపించనిది ఇంకొకటి ఉంది. ఇలాంటి రసాయనాలు కంటికి ఎంత హాని చేస్తాయో జంతువుల మీద పరీక్షించి చూస్తారు. 1944 నుంచి వాడుకలో ఉన్న డ్రెయిజ్ పరీక్షలో కుందేలు ఒక కంట్లో రసాయనం వేస్తారు. రెండో కన్ను పోల్చి చూసుకోవడానికి వదిలేస్తారు. ఆ కన్ను ఎంత ఎర్రబడింది, ఎంత పుండయ్యింది అని రోజుల తరబడి లెక్క రాసుకుంటారు. నా బాత్రూం తెల్లగా కనపడటానికి ఒక కుందేలు కన్ను పోవడం నాకు ఇష్టం లేదు. మన దేశంలో 2014లో సౌందర్య సాధనాలకు ఇలాంటి పరీక్షలు నిషేధించారు. బాత్రూం కడిగే ద్రావణాలు ఆ నిషేధం కిందికి రావు. కాబట్టి చూసి కొనుక్కోవలసింది మనమే.

కొనేటప్పుడు సీసా మీద క్రూయల్టీ ఫ్రీ, అంటే జంతువుల మీద పరీక్షించలేదు అన్న మాట ఒక్కటే చూసి నమ్మకండి. ఆ మాట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఎగిరే కుందేలు బొమ్మతో ఉండే లీపింగ్ బన్నీ గుర్తు ఉంటే, పదార్థాలు సరఫరా చేసేవాళ్ల వరకు తనిఖీ జరిగిందని అర్థం. వీగన్ అంటే జంతువుల నుంచి తీసిన పదార్థం లేదని మాత్రమే, పరీక్షల సంగతి అందులో రాదు. గుర్తు లేకపోతే లేబుల్ మీది కస్టమర్ కేర్‌కు ఒక్క మెయిల్ పెట్టండి: “మీరు గానీ, మీకు పదార్థాలు అమ్మేవాళ్లు గానీ, మీ తరఫున ఇంకెవరైనా గానీ జంతువుల మీద పరీక్షిస్తారా?” మూడు ముక్కలూ అడగాలి. మొదటి ముక్కకే జవాబిచ్చి ఊరుకునే కంపెనీలు ఉన్నాయి. వంటసోడా ప్యాకెట్ కొనేటప్పుడు కూడా ఇదే అడగండి.

ఇంత చేశాక తడి వదిలేస్తే నెల తిరిగేసరికి బూజు మళ్లీ వస్తుంది. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. బయట గాలి అంత పొడిగా ఉన్నా మన బాత్రూంలో బూజు పడుతోందంటే కిటికీ మూసి ఉంచడమే కారణం. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని నింపి పెట్టుకునే డ్రమ్ముకు మూత లేకపోవడం ఇంకో కారణం. డ్రమ్ముకు మూత పెట్టండి. చివర స్నానం చేసినవాళ్లు వైపర్‌తో గోడ ఒకసారి లాగి, వెంటిలేటర్ తెరిచి రావాలి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మాత్రం గోడను పొడిగుడ్డతో తుడవక తప్పదు.

ఈ వారం పని: నిమ్మచుక్క పరీక్ష చేసి మీ బండ ఏదో రాసుకోండి. ఒక జానెడు సందును మాత్రమే ముద్దతో శుభ్రం చేసి, మూడు రోజులు అదే వేళకు చూడండి. వచ్చే పాఠంలో గీజర్ పైన సీలింగ్ మీది బూజు తీద్దాం. దానికి స్టూల్ ఎక్కాలి కాబట్టి, ఇంట్లో ఇంకొకరు ఉండే రోజు చూసి పెట్టుకోండి.