టీఎన్ దరఖాస్తుకు అడ్డుపడిన ఉత్తరాన్ని ఎలా సరిచేయించాను

కెనడా పౌరసత్వం వచ్చాక నాకు అమెరికాలో ఉద్యోగం దొరికింది. కెనడా, మెక్సికో పౌరులైన నిపుణులు అమెరికాలో తాత్కాలికంగా పనిచేసేందుకు నాఫ్టా (ఈ మూడు దేశాల పాత వాణిజ్య ఒప్పందం) తెచ్చిన టీఎన్ హోదా, 2020 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త ఒప్పందంలోనూ కొనసాగుతోంది. పౌరసత్వం లేని కెనడా శాశ్వత నివాసులకు ఇది వర్తించదు. ఆ సంగతి తెలియక ఆశపడే మనవాళ్లను చూస్తే బాధేస్తుంది. కెనడా పౌరులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. టొరంటో పియర్సన్ విమానాశ్రయంలోని అమెరికా తనిఖీ కేంద్రంలోనే దరఖాస్తు చేసుకోవచ్చు.

నా పని అక్కడే ఆగింది. దరఖాస్తుకు జతగా కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో నా వృత్తి 'కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్' అని ఉంది. కింద విధుల పేరాలో మాత్రం మొదటి నుంచి చివరిదాకా కోడు రాయడమే. టీఎన్‌కు అర్హమైన వృత్తులంటూ ఒప్పందం ఇచ్చిన జాబితాలో ప్రోగ్రామర్ వృత్తి లేదు. అధికారి ఆ పేరా మీదే వేలు పెట్టి చూపించారు. దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను.

నిజానికి నా పనిలో ఎక్కువ భాగం వినియోగదారుల అవసరాలు పరిశీలించి వ్యవస్థకు రూపకల్పన చేయడమే. మేనేజరుతో కూర్చుని ఏ విధికి ఎంత సమయం పడుతుందో శాతాల్లో రాయించాను. చేయని పని ఒక్కటీ రాయనివ్వలేదు. జీతం, ఉద్యోగం ఎంతకాలమో చేర్పించాను. హైదరాబాద్ బీటెక్ పట్టా అమెరికా డిగ్రీకి సమానమని చెప్పే నివేదిక జతచేశాను. ఈసారి 3 ఏళ్లకు అనుమతి ఇచ్చారు. నా భార్యకు వచ్చింది టీడీ హోదా, అంటే టీఎన్ ఉన్నవారి కుటుంబానికి ఇచ్చేది. దానితో చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు.